హార్మోన్ మాత్రలు లేకుండా మెనోపాజ్ దాటడం: ఏది పనిచేస్తుంది, ఏది చేయదు, ఎవరు వదులుకోకూడదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నెలసరి ఆగిపోయే వయసుకొచ్చిన ఆడవాళ్లలో ఎక్కువమంది ఆ దశను హార్మోన్ మందులు లేకుండానే దాటేస్తున్నారు. బాగా ఆలోచించుకుని, డాక్టరుతో మాట్లాడుకుని "నాకు వద్దు" అన్నవాళ్లు వీళ్లలో కొద్దిమందే. మిగతావాళ్లను అసలు ఎవరూ అడగలేదు. ఒళ్లంతా సెగలొస్తున్నాయని చెప్పుకుంటే "ఈ వయసులో మామూలేనమ్మా" అన్న ఒక్క మాట, ఒక బలం టానిక్కు, ఒక కాల్షియం మాత్రల అట్ట చేతిలో పడతాయి. అందుకే హెచ్‌ఆర్‌టీ (హార్మోన్ మందులతో చికిత్స) మంచిదా చెడ్డదా అన్న వాదన కన్నా, అది లేకుండా బతుకుతున్న స్త్రీకి ఏమేం అందాలి అన్నదే మనకు దగ్గరి ప్రశ్న అనిపిస్తుంది నాకు.

నెలసరి వరసగా 12 నెలలు రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. పాశ్చాత్య దేశాల్లో ఇది సగటున 51 ఏళ్లకు వస్తే మన దేశంలో 46, 47కే వస్తోంది. దానికి నాలుగైదేళ్ల ముందు నుంచే నెలసరి తప్పడం, ఒక్కోసారి విపరీతంగా అవడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. 45 దాటిన మనిషికి ఇది మెనోపాజేనా అని తేల్చడానికి రక్తపరీక్ష అక్కర్లేదు. ఆ రోజుల్లో ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్ ఈ వారం ఎక్కువ, వచ్చే వారం తక్కువ ఉంటుంది. ఒకసారి చేయించిన పరీక్షతో ఏమీ తేలదు, డబ్బు దండగ.

భయం ఎక్కడ మొదలైంది

హార్మోన్ మాత్రలు వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న భయం 2002 జులైలో లోకమంతా పాకింది. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో 16,608 మంది స్త్రీలకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిపిన మాత్రో, ఉత్తుత్తి మాత్రో ఇచ్చి చూశారు. మేలు కన్నా కీడే ఎక్కువ కనిపిస్తోందని ఆ భాగాన్ని మధ్యలో ఆపేశారు. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. డాక్టర్లు రాయడం తగ్గించేశారు.

లెక్క మాత్రం చాలామందికి చేరలేదు. పదివేల మంది స్త్రీలు ఏడాదిపాటు ఆ మాత్ర వేసుకుంటే, వేసుకోనివాళ్ల కన్నా రొమ్ము క్యాన్సర్ కేసులు 8 ఎక్కువ, పక్షవాతం కేసులు 8 ఎక్కువ. తుంటి ఎముక విరగడం 5 తక్కువ. పైగా అందులో చేరినవాళ్ల సగటు వయసు 63. అంటే నెలసరి ఆగి పదేళ్లు దాటిపోయినవాళ్లే ఎక్కువ. తర్వాత వయసుల వారీగా మళ్లీ లెక్కలు చూస్తే, 60 లోపు, లేదా నెలసరి ఆగిన పదేళ్ల లోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకు మేలే మొగ్గుగా ఉందని ఇప్పుడు ప్రధాన వైద్య సంఘాలు ఒప్పుకుంటున్నాయి. గర్భసంచి తీసేసినవాళ్లకు, ఆ సంచి లోపలి పొరను కాపాడే ప్రొజెస్టిన్ అక్కర్లేదు, ఒక్క ఈస్ట్రోజన్ చాలు. అదే పరిశోధనలో ఒక్క ఈస్ట్రోజన్ వాడినవాళ్లకు రొమ్ము క్యాన్సర్ పెరగలేదు.

ఇదంతా చెప్పింది హార్మోన్లు వాడమని ఒత్తిడి చేయడానికి కాదు. వద్దనుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. ఆ నిర్ణయం పాత భయం మీద కాకుండా సరైన లెక్క మీద నిలబడాలి, అంతే. కొందరికి ఆ ఎంపిక కూడా ఉండదు. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లు, కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్లు సాధారణంగా హార్మోన్ మాత్రలు వాడకూడదు.

ఈస్ట్రోజన్ అనేది ఇంట్లో నాలుగు పనులూ ఒంటిచేత్తో చేసుకుపోయే మనిషి లాంటిది. ఒంటి వేడిని అదుపులో ఉంచుతుంది, ఎముకను నిలబెడుతుంది, యోని, మూత్రమార్గం పొరలను తడిగా ఉంచుతుంది, నిద్రకీ మనసుకీ సాయపడుతుంది. ఆ మనిషి పని మానేసి, బదులుగా హార్మోన్ మాత్ర కూడా వద్దనుకుంటే, నాలుగు పనులకీ నలుగురిని విడివిడిగా పెట్టుకోవాల్సిందే. మనవాళ్లకు ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. సెగలు తగ్గగానే అన్నీ తగ్గిపోయాయనుకుంటారు. సెగలు కొన్నేళ్లకు వాటంతట అవే తగ్గుతాయి. ఎముక అరుగుదల, లోపలి పొడిబారడం అలా తగ్గవు.

సెగలు, చెమటలు

పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లే ఒకావిడ చెప్పిన మాట ఇది: "ఒకపాలి ఛాతీకాడ మొదలై ముకమంతా మంటెత్తిపోతాదమ్మా. జాకెట్టు తడిసిపోతాది. అంతలోనే సల్లబడిపోయి వణుకొచ్చేత్తాది. పక్కనున్నోలు జొరమేటే అంతారు." రేకుల షెడ్డు, పొట్టు ఎగిరిపోతుందని ఆపేసిన ఫ్యాను, కింద చాప మీద వరసగా కూర్చున్న ఆడవాళ్లు. సెగ వచ్చినప్పుడల్లా ఆవిడ లేచి గుమ్మం దగ్గరికెళ్లి నిలబడుతుంది. కూలి కిలోల లెక్కన కాబట్టి లేచినప్పుడల్లా ఆ మేరకు డబ్బు పోతుంది. మెనోపాజ్ వల్ల పని నష్టం అనే మాట మన దగ్గర ఎవరూ రాయరు. నష్టం మాత్రం రోజూ జరుగుతూనే ఉంది.

జరిగేది ఏమిటంటే, మెదడులో హైపోథాలమస్ అనే చోట ఒంటి వేడిని చూసుకునే కేంద్రం ఉంది. దానికి పక్కనే ఉన్న కొన్ని నాడీకణాలను ఈస్ట్రోజన్ అణచి ఉంచుతుంది. ఈస్ట్రోజన్ పడిపోగానే ఆ కణాలు రెచ్చిపోయి న్యూరోకైనిన్ బీ అనే రసాయనాన్ని ఎక్కువగా వదులుతాయి. అప్పుడు ఒంటి వేడి పిసరంత పెరిగినా మెదడు అది పెద్ద వేడి అనుకుని చర్మంలోని రక్తనాళాలు తెరిచేసి చెమట పట్టించేస్తుంది. ఒక్కో సెగ ఒకటి నుంచి ఐదు నిమిషాలు. మన తీరప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ చెమట త్వరగా ఆరదు, జిడ్డుగా ఒంటికే ఉండిపోతుంది. అమెరికాలో స్వాన్ అనే దీర్ఘకాలిక అధ్యయనంలో ఇబ్బందిపెట్టే సెగలు సగటున 7.4 ఏళ్లు ఉన్నట్టు తేలింది. "ఆర్నెల్లు ఓపిక పట్టు తల్లీ" అన్న సలహా ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

హార్మోన్లు కాని మార్గాల్లో ఏవి నిజంగా పనిచేస్తాయో నార్త్ అమెరికన్ మెనోపాజ్ సొసైటీ 2023లో ఒక్కొక్కటీ పరీక్షించి చెప్పింది. ఆ జాబితా చూస్తే మనం ఇళ్లలో చెప్పుకునేవి చాలావరకు అందులో "ఆధారం లేదు" అన్న వైపే ఉన్నాయి. సోయా, మూలికలు, ఆక్యుపంక్చర్, నెమ్మదిగా ఊపిరి తీయడం, కారం, కాఫీ మానేయడం, చివరికి యోగా, నడక కూడా సెగల సంఖ్యను తగ్గిస్తాయని నిరూపణ కాలేదు. నడక, యోగా మానేయమని దీని అర్థం కాదు. నిద్రకు, ఎముకకు, గుండెకు అవి కావాలి. కానీ రోజూ తెల్లవారుజామున విజయనగరంలో అయ్యకోనేరు చెరువు గట్టు చుట్టూ నడిచే మనిషికి సెగలు తగ్గకపోతే అది ఆమె లోపం కాదని ఎవరో ఒకరు చెప్పాలి.

పనిచేస్తాయని తేలినవాటిలో మొదటివి కొన్ని డిప్రెషన్ మందులు. వెన్లాఫాక్సిన్, డెస్‌వెన్లాఫాక్సిన్, ఎస్సిటలోప్రామ్, పారాక్సెటిన్ వంటివి. డిప్రెషన్ లేకపోయినా సెగల మీద పనిచేస్తాయి. దానికి తక్కువ మోతాదే చాలు, ఒకటి రెండు వారాల్లోనే తేడా తెలుస్తుంది. మన దగ్గర వీటికి అడ్డం పరువు. మందుల షాపువాడు "ఇది మెంటల్ మందమ్మా, మీకెందుకు రాశారు" అంటే ఆ చీటీ అక్కడితో ఆగిపోతుంది. రాసే డాక్టరే ముందుగా "ఇది మీ సెగల కోసం రాస్తున్నాను" అని రెండు ముక్కలు చెబితే ఈ సమస్య సగం పోతుంది. రెండు జాగ్రత్తలు. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతున్నవాళ్లు పారాక్సెటిన్ వేసుకోకూడదు, టామాక్సిఫెన్ బలాన్ని అది తగ్గించేస్తుంది. ఇక ఏ డిప్రెషన్ మందునూ హఠాత్తుగా ఆపకూడదు.

రాత్రి చెమటలకే నిద్ర పోతుంటే గాబాపెంటిన్ అనే మందు పడుకునే ముందు ఇస్తారు. అది మత్తు ఇస్తుంది కాబట్టి రాత్రికి పనికొస్తుంది. ఆక్సీబ్యుటినిన్ కూడా సెగలు తగ్గిస్తుంది గానీ నోరెండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, పెద్ద వయసువాళ్లకు మతిమరుపు ముప్పు ఉంది. ఆ న్యూరోకైనిన్ దారినే నేరుగా అడ్డుకునే ఫెజోలినెటాంట్ అనే కొత్త మందుకు అమెరికాలో 2023 మేలో అనుమతి వచ్చింది. తర్వాత కాలేయం మీద గట్టి హెచ్చరిక కూడా చేర్చారు. అధిక బరువు ఉన్నవాళ్లు బరువు తగ్గితే సెగలు కొంత తగ్గుతాయని కూడా ఆ సొసైటీ ఒప్పుకుంది.

మందులు కాని దారుల్లో బలమైన ఆధారం ఉన్నది సీబీటీ అనే మాటల చికిత్సకు. లండన్‌లో జరిగిన మెనోస్ పరిశోధనల్లో ఇది సెగల సంఖ్యను పెద్దగా తగ్గించలేదు, వాటివల్ల పడే బాధను తగ్గించింది. ఈ తేడా చిన్నదేం కాదు. సెగ వచ్చినప్పుడు "అందరూ నన్నే చూస్తున్నారు", "ఇక ఇంతే నా బతుకు" అన్న ఆలోచన వస్తే టెన్షన్ పెరిగి సెగ ఇంకా భరించలేనిదవుతుంది. ఆ ఆలోచనను గుర్తుపట్టి, "రెండు నిమిషాలుంటుంది, పోతుంది" అని మార్చుకోవడం సాధన చేయిస్తారు. మెనోస్ 2లో గుంపుగా కూర్చుని నేర్చుకున్నవాళ్లకూ, నాలుగు వారాలు పుస్తకం చూసి సొంతంగా చేసుకున్నవాళ్లకూ ఇద్దరికీ మేలు జరిగింది. మన దగ్గర సైకాలజిస్టులు అరుదు. కానీ డ్వాక్రా సంఘాలు ఊరూరా ఉన్నాయి, నెలనెలా ఆడవాళ్లు కూర్చుంటూనే ఉన్నారు. తెలుగులో ఓ చిన్న పుస్తకం, దాన్ని చదివి వినిపించడానికి శిక్షణ పొందిన ఒక ఏఎన్ఎం ఉంటే అక్కడే చేయొచ్చు. ఖర్చు లేని ఈ పని ఎవరైనా తలకెత్తుకోవాలని నా కోరిక.

"మా వదినకు ఫలానా లేహ్యంతో తగ్గిపోయింది" అన్నవాళ్లు అబద్ధం చెప్పరు. సెగల మందుల పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు కూడా దాదాపు మూడోవంతు తగ్గుదల కనిపిస్తుంటుంది. నమ్మకంతో కొంత, కాలంతో కొంత తగ్గుతాయి. కాబట్టి వదినకు తగ్గిందన్నది నిజమే, లేహ్యం వల్ల తగ్గిందన్నది మాత్రం తేలని విషయం. ఖర్చు తక్కువ, హాని లేదు అంటే నేను అడ్డుచెప్పను. అయితే బ్లాక్ కోహోష్ వంటి మూలికల వల్ల కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి. ఏమేం కలిపారో రాయని పొడుల్లో సీసం, పాదరసం ఉండే ప్రమాదం ఉంది.

ఇంకో మాట. చెమటలన్నీ మెనోపాజ్ చెమటలు కావు. సాయంత్రం జ్వరం, దగ్గు, బరువు తగ్గడంతో పాటు రాత్రి చెమటలుంటే టీబీ పరీక్ష చేయించాలి. గుండెదడ, చేతులు వణకడం ఉంటే థైరాయిడ్ చూపించాలి. షుగరు మందులు వాడేవాళ్లకు చక్కెర పడిపోయినా ఇలాగే చెమట పడుతుంది.

గర్భసంచి తీసేసినవాళ్ల సంగతి వేరు

హార్మోన్లు లేకుండా దాటేయొచ్చు అన్న మాట ఒక వర్గానికి వర్తించదు. మన రాష్ట్రంలో ఆ వర్గం చిన్నది కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలోనే ఎక్కువ. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పి అనో వెళ్తే "గర్భసంచి పుండు పడింది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టి, ముప్పై అయిదేళ్లకే తీసేసిన కథలు మన జిల్లాల్లో ఏ వీధిలో అడిగినా వినిపిస్తాయి. అనవసరంగా గర్భసంచులు తీసేయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించేదాకా వెళ్లింది వ్యవహారం.

గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే ఆ రోజే మెనోపాజ్ వచ్చేస్తుంది. సహజంగా వచ్చేదైతే శరీరానికి అలవాటు పడే వ్యవధి ఉంటుంది, ఇక్కడ అది ఉండదు. సెగలు తీవ్రంగా ఉంటాయి. ముప్పై అయిదేళ్ల మనిషి ఎముకలు పదేళ్లకు పైగా ముందే అరగడం మొదలవుతాయి. చిన్న వయసులో అండాశయాలు పోయినవాళ్లకు గుండెజబ్బు, ఎముక గుల్లబారడం, తర్వాత రోజుల్లో మతిమరుపు జబ్బు ముప్పు ఎక్కువని తేలింది. అందుకే 40 లోపు మెనోపాజ్ వచ్చినవాళ్లకు, అది ఆపరేషన్ వల్ల వచ్చినా, దానంతట అది వచ్చినా, వాడకూడని కారణం ఏదీ లేకపోతే సహజంగా ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్లు వాడటమే మంచిదని వైద్య సంఘాలన్నీ ఒకే మాటగా చెబుతున్నాయి. 45 లోపు వచ్చినా ఆ దిశగానే ఆలోచించమంటున్నాయి. యాభై దాటినవాళ్ల మీద పరిశోధనతో పుట్టిన 2002 నాటి భయం వీళ్లకు వర్తించదు. వీళ్లు వేసుకునేది శరీరంలో ఆ వయసుకు ఉండాల్సిందే.

తీసింది గర్భసంచి ఒక్కటేనా, అండాశయాలు కూడానా అన్నది చాలామందికి తెలియదు. "పెద్దాపరేషన్ అయింది" అని మాత్రమే తెలుసు. బీరువాలో ఎక్కడో ఉన్న డిశ్చార్జి కాగితం తీసి చూడండి. టీఏహెచ్ (గర్భసంచి తీసేసే ఆపరేషన్) అన్న మూడక్షరాల పక్కన బీఎస్‌ఓ అని ఉంటే రెండు అండాశయాలూ, నాళాలూ కూడా తీసేసినట్టు. పక్కన ఏమీ లేకపోయినా, బీఎస్ (నాళాలు మాత్రమే తీయడం) అని మాత్రమే ఉన్నా అండాశయాలు ఉంచినట్టు. టీఏహెచ్‌కు బదులు వీహెచ్ అనో టీఎల్‌హెచ్ అనో ఉండొచ్చు, పక్కనున్న అక్షరాలే ముఖ్యం. అండాశయాలు ఉంచినా అవి మామూలు కన్నా కాస్త ముందే పనిచేయడం మానొచ్చు. నెలసరి లేదు కాబట్టి ఎప్పుడు మానేశాయో బయటికి తెలియదు. కాగితం పోయినవాళ్లకు, ఈ అనుమానం ఉన్నవాళ్లకు ఎఫ్ఎస్‌హెచ్ పరీక్ష, స్కాన్ నిజంగా అవసరం.

చెప్పుకోలేని బాధ

లోపల పొడిబారడం, మంట, కలయికలో నొప్పి, మూత్రం ఆపుకోలేకపోవడం, మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్. ఇవి భర్తకే చెప్పుకోరు, ఇక డాక్టరుకు ఏం చెబుతారు. "ఈ వయసులో ఇంకా అదేంటి" అని ఎవరైనా అంటారేమోనన్న భయం. సెగల్లా ఇవి కాలంతో తగ్గవు, ముదురుతాయి. మందుల షాపులో దొరికే నీటి ఆధారిత లూబ్రికెంట్ కలయిక సమయంలో, వజైనల్ మాయిశ్చరైజర్ వారానికి రెండు మూడుసార్లు వాడితే చాలామందికి తేలికపడుతుంది. మంచి కొబ్బరినూనె వాడుకోవచ్చు, కండోమ్‌తో మాత్రం వద్దు, అది చిరిగిపోతుంది. సబ్బుతో, డెట్టాల్ నీళ్లతో లోపల కడగడం వెంటనే మానేయాలి.

ఇవి చాలకపోతే యోనిలో రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీము ఉంది. పేరు ఈస్ట్రోజనే అయినా రక్తంలోకి వెళ్లేది అతి స్వల్పం. నోటితో వేసుకునే మాత్రతో దీన్ని ఒకే గాటన కట్టకూడదు. హార్మోన్ మాత్రలు వద్దనుకున్నవాళ్లు కూడా దీని గురించి డాక్టరును అడగొచ్చు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు క్యాన్సర్ డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

ఎముక, కిడ్నీ

నెలసరి ఆగిన మొదటి అయిదారేళ్లలో ఎముక చాలా వేగంగా అరుగుతుంది. నొప్పి ఉండదు, గుర్తు ఉండదు. బాత్రూములో జారి పడి మణికట్టో తుంటో విరిగినప్పుడే తెలుస్తుంది. మెనోపాజ్ తర్వాత రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. దీనికి మన తిండిలోనే దారి ఉంది. చోళ్లలో (రాగుల్లో) వంద గ్రాములకు 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఒకప్పుడు మన జిల్లాల్లో పొద్దున్నే చోడి అంబలి తాగకుండా పొలానికి వెళ్లేవాళ్లు కాదు. ఇప్పుడు దాని చోటులో ఇడ్లీలు, టీ, బన్ను వచ్చాయి. యాభై గ్రాముల చోడిపిండి అంబలి, రెండు పూటలా పెరుగో మజ్జిగో, ఒక గ్లాసు పాలు, రెండు చెంచాల నువ్వులు, వారంలో రెండు మూడుసార్లు మునగాకు, తీరంలో ఉన్నవాళ్లకు ముల్లుతో సహా తినే నెత్తళ్లు ఉంటే మాత్ర అవసరం చాలావరకు తగ్గుతుంది. అన్నం తగ్గించి పప్పు, ఉలవలు, గుడ్డు పెంచుకుంటే కండ కూడా నిలుస్తుంది. డి విటమిన్ తక్కువుంటే మాత్రం డాక్టరు చెప్పిన మోతాదులో మందు వేసుకోవాలి.

ఎముకకు బరువు మోసే పని కావాలి. పొలం పని, నీళ్ల బిందె మోసే రోజులు పోయి ఇంట్లో కూర్చునేవాళ్లు నడకతో పాటు కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేవడం, రెండు చేతులా లీటరు నీళ్ల సీసాలు పట్టుకుని ఎత్తడం వంటివి మొదలుపెట్టాలి. ఇప్పటికే ఒకసారి చిన్న దెబ్బకే ఎముక విరిగినవాళ్లు, 45 లోపు నెలసరి ఆగినవాళ్లు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లు ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ గురించి అడగాలి. ఎముక గుల్లబారితే వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్, ఏడాదికోసారి ఇచ్చే జోలెడ్రోనిక్ ఇంజెక్షన్ వంటివి ఉన్నాయి. ఇవి హార్మోన్లు కావు.

పొగాకు ఎముకను తినేస్తుంది, మెనోపాజ్‌ను ఒకటి రెండేళ్లు ముందుకు తెస్తుంది, సెగలను పెంచుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మలు, అప్పలు ఇంకా ఉన్నారు. వాళ్లను తిట్టి లాభం లేదు. నోట్లో అంగిలి మీద తెల్లమచ్చలున్నాయేమో ఒకసారి చూపిద్దాం రమ్మని తీసుకెళ్లడం మేలు. ఆ మాటల్లోనే మానే సంగతి కూడా వస్తుంది.

ఉద్దానం వాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా ఆగి చదవాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు ఉన్న సంగతి అందరికీ తెలిసిందే. మెనోపాజ్‌లో కీళ్లు, ఒళ్లు నొప్పులు సహజం. ఆ నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, ఇంట్లో నొప్పి మాత్రల అట్ట అలవాటైపోతే ఇప్పటికే బలహీనంగా ఉన్న కిడ్నీ మీద మరో దెబ్బ. నొప్పికి పారాసిటమాల్ మేలు. పైన చెప్పిన మందుల్లో గాబాపెంటిన్ కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది, కిడ్నీ సరిగా లేకపోతే ఒంట్లో పేరుకుని మత్తు, తూలు వస్తాయి. మోతాదు తగ్గించి రాయాలి. వెన్లాఫాక్సిన్‌కూ అంతే, పైగా బీపీ చూసుకుంటూ ఉండాలి. జోలెడ్రోనిక్ ఇంజెక్షన్ కిడ్నీ పనితీరు ఒక హద్దు కన్నా తగ్గితే అసలు ఇవ్వరు. కాల్షియం మాత్రలు, ఎండుచేపలు, ఊరూ పేరూ లేని పొడులు కూడా కిడ్నీ డాక్టరును అడగకుండా వాడకూడదు. ఈ మండలాల ఆడవాళ్లు మెనోపాజ్ గురించి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చేతిలో కిడ్నీ పనితీరు చెప్పే తాజా క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు ఉండాలి. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం దగ్గరలోనే ఉంది.

నిద్ర, మనసు గురించి ఒక్క మాట. ఈ సంధికాలంలో డిప్రెషన్ ముప్పు పెరుగుతుంది, అంతకు ముందు ఎప్పుడైనా వచ్చినవాళ్లకు మరీ ఎక్కువ. ఊరికే ఏడుపు రావడం, దేనిమీదా మనసు పోకపోవడం రెండు వారాలు దాటితే "వయసు" అని సర్దుకోకండి, చూపించండి. నెలసరి ఆగాక బీపీ, కొలెస్ట్రాల్ కూడా పైకి జరుగుతాయి, ఏడాదికోసారి చూపించుకోవాలి.

మళ్లీ కనిపిస్తే

నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా అది నెలసరి తిరిగి రావడం కాదు. "మళ్లీ వచ్చింది, ఒళ్లు బాగుందన్నమాట" అని సంబరపడేవాళ్లున్నారు. అలా రక్తం కనిపించిన పదిమందిలో ఇంచుమించు ఒకరికి గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ బయటపడుతుంది. త్వరగా పట్టుకుంటే బాగా నయమయ్యే క్యాన్సర్ ఇది. మిగతా తొమ్మిదిమందికి పొర పలచబడటమో, చిన్న కాయో కారణం. విజయనగరం ఘోషాసుపత్రిలోగానీ శ్రీకాకుళం రిమ్స్‌లోగానీ ఆడవాళ్ల ఓపీలో చూపించి స్కాన్ అడగండి. లోపలి పొర మందం 4 మిల్లీమీటర్లు దాటకపోతే క్యాన్సర్ అవకాశం చాలా తక్కువ. దాటినా, రక్తం మళ్లీ మళ్లీ కనిపించినా పొరలోంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ఆ రిపోర్టు రాకముందే ఎవరైనా "గర్భసంచి తీసేద్దాం, రేపే చేరండి" అంటే కాగితాలు చేతిలోకి తీసుకుని, ఇంకో డాక్టరుకు చూపించండి.